ఆటలో అరటిపండు అనుకున్నవాడే కప్పు తెచ్చాడు: ఫిలడెల్ఫియా ఈగల్స్ 2017 సీజన్ కథ

చిన్నప్పుడు మన వీధి ఆటల్లో ఒక కుర్రాడు ఉండేవాడు, గుర్తుందా? టీమ్‌లో ఉంటాడు, కానీ లెక్కలో ఉండడు. వాడు ఔటైనా ఔట్ కాదు, పరుగు తీసినా పరుగు కాదు. వాణ్ణి 'ఆటలో అరటిపండు' అనేవాళ్లం. కోట్లు తిరిగే ప్రొఫెషనల్ ఆటల్లో కూడా దాదాపు ఇలాంటి ఉద్యోగం ఒకటుంది. దాని పేరు రిజర్వ్ ప్లేయర్. రోజూ ప్రాక్టీస్ చేయాలి, అందరితో పాటు మీటింగుల్లో కూర్చోవాలి, మ్యాచ్ రోజు మాత్రం పక్కన నిలబడాలి. తన వంతు ఎప్పుడొస్తుందో తెలీదు, అసలు వస్తుందో రాదో కూడా తెలీదు.

ఈ రోజు ఎపిసోడ్‌లో అలాంటి ఒక రిజర్వ్ ప్లేయర్ కథ, అతన్ని నమ్ముకున్న ఒక టీమ్ కథ చెప్పుకుందాం. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఫిలడెల్ఫియా ఈగల్స్ ఆడిన 2017 సీజన్. 'మాకు ఆ ఆటే తెలీదు కదా' అంటారా? కంగారు పడకండి, రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

అమెరికాలో ఉన్న మీ అన్నయ్యో అక్కో ఫిబ్రవరిలో ఒక ఆదివారం రాత్రి సూపర్ బౌల్ పార్టీ అంటూ స్టేటస్ పెడుతుంటారు. మనకి అప్పుడు సోమవారం తెల్లవారుజాము. ఆ సూపర్ బౌల్ అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ అనే లీగ్ ఫైనల్. మొత్తం 32 టీములు. పేరుకి ఫుట్‌బాలే గానీ కాలితో తన్నేది చాలా తక్కువ. బంతి కోలగా ఉంటుంది, చేతులతో పట్టుకుని పరిగెడతారు, లేదా విసురుతారు. ఒక్కో వైపు 11 మంది. బంతి ఉన్న టీమ్‌కి నాలుగు ఛాన్సులు. ఆ నాలుగింటిలో కనీసం 10 గజాలు ముందుకెళ్లాలి. వెళ్తే మళ్లీ కొత్తగా నాలుగు ఛాన్సులు, లేకపోతే బంతి అవతలి టీమ్‌కి. అలా జరుపుకుంటూ పోయి బంతిని చివరి గీత దాటించి ఎండ్ జోన్‌లోకి చేరిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు. దూరం నుంచి గోల్‌పోస్టుల మధ్యకి తన్నితే ఫీల్డ్ గోల్, 3 పాయింట్లు. అంతే, ఈ కథకి ఇది చాలు.

ఇంకొక్క మాట గుర్తుపెట్టుకోండి: క్వార్టర్‌బ్యాక్. ఎటాక్ చేసేటప్పుడు దాదాపు ప్రతిసారీ బంతి ముందు ఇతని చేతికే వస్తుంది. ఎవరికి ఇవ్వాలి, ఎటు విసరాలి అని రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. ఈలోపు అవతలి వాళ్లు ఇతన్ని పడగొట్టడానికి మీదకొచ్చేస్తుంటారు. క్రికెట్‌లో కెప్టెన్, వికెట్ కీపర్, ఫినిషర్ మూడూ ఒక్కడే అనుకోండి. అందుకే మెయిన్ క్వార్టర్‌బ్యాక్‌కి దెబ్బ తగిలిందంటే చాలా టీములకి ఆ ఏడాది అయిపోయినట్టే.

ఇప్పుడు ఫిలడెల్ఫియా సంగతి చూద్దాం. ఈగల్స్ టీమ్ 1933లో పుట్టింది. చివరిసారి లీగ్ గెలిచింది 1960లో. అప్పటికి సూపర్ బౌల్ అనేదే లేదు. ఆ ఫైనల్‌లో వాళ్లు ఓడించింది విన్స్ లొంబార్డీ కోచ్‌గా ఉన్న గ్రీన్ బే ప్యాకర్స్‌ని. ప్లేఆఫ్స్‌లో లొంబార్డీ ఓడిన ఒకే ఒక్క మ్యాచ్ అది. తర్వాత సూపర్ బౌల్ కప్పుకి ఆయన పేరే పెట్టారు. విచిత్రం ఏంటంటే, ఆయన్ని ఓడించిన ఊరికే ఆ కప్పు మాత్రం దక్కలేదు. 1980 సీజన్‌లో, 2004 సీజన్‌లో సూపర్ బౌల్ దాకా వెళ్లి రెండుసార్లూ ఓడిపోయారు. తాతలు చూసిన గెలుపు గురించి మనవలు వినడమే తప్ప కళ్లారా చూసింది లేదు. ఫ్యాన్స్‌కి కోపం ఎక్కువ, ఓపిక తక్కువ అని వాళ్లకి పేరు. అన్నేళ్లు ఎదురుచూస్తే ఎవరికైనా అంతే కదా!

2016లో కార్సన్ వెంట్జ్ అనే కుర్రాణ్ణి డ్రాఫ్ట్‌లో రెండో పిక్‌గా తీసుకున్నారు. మొదటి ఏడాది 7 గెలుపులు, 9 ఓటములు. 2017లో మాత్రం అతను చెలరేగిపోయాడు. 13 మ్యాచుల్లో 33 టచ్‌డౌన్ పాసులు. లీగ్ బెస్ట్ ప్లేయర్ అవార్డు ఇతనికే అని అందరూ మాట్లాడుకుంటున్నారు.

కానీ ఆ ఏడాది టీమ్‌కి దెబ్బల మీద దెబ్బలు. మొదటి మ్యాచ్‌లోనే కిక్కర్‌కి గాయం. అతని ప్లేస్‌లో జేక్ ఎలియట్ అనే కొత్త కుర్రాణ్ణి తెచ్చారు. ఆ కుర్రాడు మూడో మ్యాచ్‌లో, న్యూయార్క్ జెయింట్స్ మీద, ఆఖరి క్షణంలో 61 గజాల దూరం నుంచి తన్ని గెలిపించాడు. తర్వాత క్వార్టర్‌బ్యాక్‌కి కాపలా కాసే సీనియర్ జేసన్ పీటర్స్ మోకాలు పోయింది. డ్యారెన్ స్ప్రోల్స్, జోర్డాన్ హిక్స్ కూడా సీజన్‌కి దూరమయ్యారు. ప్రతిసారీ ఒక రిజర్వ్ లేచి రావడం, టీమ్ గెలుస్తూ పోవడం. సరే, ఇదంతా ఎలాగో నెట్టుకొచ్చారు.

డిసెంబర్ 10, లాస్ ఏంజెలిస్‌లో రామ్స్‌తో మ్యాచ్. వెంట్జ్ బంతితో ఎండ్ జోన్‌లోకి డైవ్ చేశాడు, ఇద్దరి మధ్య నలిగిపోయాడు. పైగా ఫౌల్ వల్ల ఆ టచ్‌డౌన్ చెల్లలేదు. ఎడమ మోకాలి ఏసీఎల్ తెగింది. మన క్రికెట్ ఫ్యాన్స్‌కి కూడా ఏసీఎల్ అంటే తెలుసు, నెలల తరబడి ఆట బంద్. ఆ కాలితోనే వెంట్జ్ ఇంకో నాలుగు ప్లేలు ఆడాడు, నాలుగో ఛాన్స్‌లో టచ్‌డౌన్ పాస్ వేశాడు. తర్వాత నడుచుకుంటూ బయటికెళ్లిపోయాడు. ఆ సీజన్‌లో అతని ఆట అక్కడితో ఆఖరు.

అప్పుడు హెల్మెట్ పెట్టుకుని లోపలికొచ్చినవాడే నిక్ ఫోల్స్.

ఫోల్స్ కొత్తవాడేం కాదు. 2013లో ఇదే ఈగల్స్‌కి ఆడి 27 టచ్‌డౌన్ పాసులు వేశాడు, అవతలి వాళ్లకి చిక్కినవి 2 మాత్రమే. ఒకే మ్యాచ్‌లో 7 టచ్‌డౌన్ పాసులు వేసి రికార్డుని సమం చేశాడు. స్టార్ అనుకున్నారు. 2015లో మాత్రం రామ్స్‌కి పంపించేసి, బదులుగా శామ్ బ్రాడ్‌ఫర్డ్‌ని తెచ్చుకున్నారు. రామ్స్‌లో ఫోల్స్ ఆట పడిపోయింది. అతన్ని పక్కన కూర్చోబెట్టి కేస్ కీనమ్ అనే ఇంకో ఆటగాణ్ణి ఆడించారు. 2016లో అక్కడి నుంచి బయటికొచ్చాక ఫోల్స్‌కి ఆట మీద ఇష్టమే పోయింది, రిటైర్ అయిపోదామని గట్టిగా అనుకున్నాడు. తన మొదటి కోచ్ ఆండీ రీడ్ పిలిస్తే కాన్సాస్ సిటీలో ఒక ఏడాది రిజర్వ్‌గా ఉన్నాడు. 2017లో మళ్లీ ఈగల్స్‌కి వచ్చాడు, ఈసారి కూడా రిజర్వ్‌గానే.

ఇక్కడ మీకు ఒక ఇంట్రెస్టింగ్ విషయం చెప్పాలి. ఈగల్స్ హెడ్ కోచ్ డగ్ పీడర్సన్ కూడా ఆటగాడిగా ఉన్న రోజుల్లో ఎక్కువ కాలం రిజర్వ్ క్వార్టర్‌బ్యాకే. గ్రీన్ బేలో బ్రెట్ ఫార్వ్ వెనకాల ఏళ్లకేళ్లు నిలబడ్డాడు. ఎటాక్ ప్లాన్లు వేసే ఫ్రాంక్ రైక్ కూడా అంతే. ఈ రైక్ 1993 జనవరిలో, మెయిన్ ఆటగాడికి గాయమైతే బఫెలో తరఫున దిగి, 35-3తో వెనకబడ్డ ప్లేఆఫ్ మ్యాచ్‌ని 41-38తో గెలిపించాడు. అంటే బెంచీ మీద కూర్చున్నవాడి మనసులో ఏముంటుందో ఆ ఇద్దరికీ ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ సీజన్ నిలబడింది ఇక్కడే అని నాకనిపిస్తుంది.

ఎందుకంటే ఫోల్స్ రాగానే అద్భుతాలేం జరగలేదు. జెయింట్స్ మీద 4 టచ్‌డౌన్ పాసులతో బానే మొదలుపెట్టాడు. క్రిస్మస్ రోజు ఆట నీరసం, ఎలాగో గెలిచారు. డిసెంబర్ 31న డల్లాస్‌తో మ్యాచ్‌లో కాసేపే ఆడాడు గానీ, 11 పాసులు విసిరితే చేరినవి 4, వచ్చినవి 39 గజాలు. ఈగల్స్ 6-0తో ఓడిపోయింది. 13 గెలుపులు, 3 ఓటములతో వాళ్ల కాన్ఫరెన్స్‌లో నంబర్ వన్‌గా నిలిచారు గానీ, ఎవరికీ నమ్మకం లేదు.

అప్పుడు కోచ్‌లు ఏం చేశారు? 'నువ్వు వెంట్జ్‌లా ఆడాలి' అని చెప్పలేదు. వెంట్జ్ పరిగెత్తగలడు, ఒంటిమీద ఇద్దరు పడ్డా తప్పించుకోగలడు. ఫోల్స్ అలాంటివాడు కాదు. అందుకే ఫోల్స్ బాగా ఆడిన పాత వీడియోలు ముందేసుకుని చూశారు. అతనికి ఏది సుఖంగా ఉందో పట్టుకున్నారు. అందులో ముఖ్యమైనది ఆర్‌పీఓ, అంటే రన్-పాస్ ఆప్షన్. క్వార్టర్‌బ్యాక్ బంతిని పక్కనున్న రన్నర్ పొట్ట దగ్గర పెడతాడు, కానీ వెంటనే వదలడు. అతని కళ్లు మాత్రం ఒకే ఒక్క డిఫెండర్ మీద ఉంటాయి. ఆ డిఫెండర్ రన్నర్ వైపు దూకాడా, బంతిని వెనక్కి లాక్కుని అతను ఖాళీ చేసిన చోటుకి పాస్. దూకలేదా, బంతి రన్నర్‌కే. డిఫెండర్ ఏం చేసినా తప్పే అవుతుంది. పాస్ త్వరగా వెళ్లిపోతుంది కాబట్టి క్వార్టర్‌బ్యాక్ పారిపోవాల్సిన పని ఉండదు. మనిషికి తగ్గట్టు చొక్కా కుట్టారే తప్ప, వెంట్జ్ చొక్కా తెచ్చి ఇతనికి తొడగలేదు.

ప్లేఆఫ్స్ మొదలయ్యాయి. 2018 జనవరి 13న అట్లాంటా ఫాల్కన్స్. సొంత గ్రౌండ్‌లో ఆడుతున్న నంబర్ వన్ టీమ్, ఆరో నంబర్ టీమ్ చేతిలో ఓడిపోతుందని బెట్టింగ్ లెక్కలు కట్టారు. ఈగల్స్ 15-10తో గెలిచింది. అట్లాంటా ఆఖరి పాస్ ఎండ్ జోన్‌లో జూలియో జోన్స్ చేతుల్లోంచి జారిపోయింది. మమ్మల్ని అండర్‌డాగ్ అంటారా అని లేన్ జాన్సన్, క్రిస్ లాంగ్ కుక్క మాస్కులు పెట్టుకుని తిరిగారు. తర్వాతి మ్యాచ్‌కి స్టేడియంలో ఎటు చూసినా అవే మాస్కులు!

ఆ తర్వాతి మ్యాచ్ మిన్నెసోటా వైకింగ్స్‌తో. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ ఎవరనుకున్నారు? కేస్ కీనమ్! ఒకప్పుడు ఫోల్స్‌ని బెంచీ మీద కూర్చోబెట్టి ఆడించింది ఇతన్నే. వైకింగ్స్‌లో మెయిన్ ఆటగాడు బ్రాడ్‌ఫర్డ్‌కి గాయం కావడంతో కీనమ్ కూడా రిజర్వ్‌గా వచ్చినవాడే. ఫోల్స్ 352 గజాలు, 3 టచ్‌డౌన్ పాసులు వేశాడు. స్కోరు 38-7.

ఇక ఫైనల్. 2018 ఫిబ్రవరి 4, మిన్నియాపొలిస్. ఎదురుగా న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్, వాళ్ల క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ. 2004 సీజన్ ఫైనల్‌లో ఈగల్స్‌ని ఓడించింది కూడా వీళ్లే.

ఫస్ట్ హాఫ్ అయిపోవడానికి 38 సెకన్లుంది. ఈగల్స్ 15-12తో ముందుంది. నాలుగో ఛాన్స్, గీతకి ఒక గజం దూరం. మామూలుగా అయితే తన్నేసి 3 పాయింట్లు తీసుకుంటారు. ఫోల్స్ కోచ్ దగ్గరికెళ్లి, ముందే ప్రాక్టీస్ చేసి పెట్టుకున్న ఒక ప్లే పేరు తనే చెప్పి, వేద్దామా అని అడిగాడు. పీడర్సన్ ఒక్క క్షణం ఆగి, సరే కానివ్వమన్నాడు.

బంతి ఫోల్స్‌కి రాలేదు. పక్కనున్న కోరీ క్లెమెంట్‌కి వెళ్లింది. అతను పరిగెడుతూ ట్రే బర్టన్‌కి అందించాడు. ఒకప్పుడు క్వార్టర్‌బ్యాక్‌గా ఆడినవాడే ఈ బర్టన్. ఈలోపు ఫోల్స్ తనకేం సంబంధం లేనట్టు నిలబడి, మెల్లగా ఎండ్ జోన్‌లోకి జారుకున్నాడు. క్వార్టర్‌బ్యాక్ పాస్ పట్టుకుంటాడని ఎవరనుకుంటారు? ఒక్క డిఫెండర్ కూడా దగ్గర్లో లేడు. బర్టన్ విసిరాడు, ఫోల్స్ పట్టుకున్నాడు. టచ్‌డౌన్. సూపర్ బౌల్‌లో టచ్‌డౌన్ పాస్ వేసి, ఇంకో టచ్‌డౌన్ పాస్ తనే పట్టుకున్న మొదటి ఆటగాడు ఫోల్స్. ఆ ప్లే పేరు 'ఫిల్లీ స్పెషల్'. అదే మ్యాచ్‌లో అంతకుముందు బ్రేడీకి కూడా ఇలాంటి పాస్ ఒకటి వచ్చింది, అది అతని చేతుల్లోంచి జారిపోయింది.

అయినా బ్రేడీ బ్రేడీయే కదా! 505 గజాలు విసిరాడు. నాలుగో క్వార్టర్‌లో పేట్రియాట్స్ 33-32తో ముందుకొచ్చేసింది. మళ్లీ నాలుగో ఛాన్స్, ఈసారి తమ సగంలోనే. తప్పితే మ్యాచ్ పోయినట్టే. పీడర్సన్ మళ్లీ ఆడమనే చెప్పాడు, ఫోల్స్ జాక్ ఎర్ట్జ్‌కి చిన్న పాస్ వేసి గట్టెక్కించాడు. కాసేపటికి అదే ఎర్ట్జ్ టచ్‌డౌన్ చేశాడు. 38-33.

బ్రేడీ చేతికి బంతి, రెండు నిమిషాల పైన టైమ్. అతనికి అది చాలా ఎక్కువ. కానీ బ్రాండన్ గ్రాహమ్ చెయ్యి తగిలి బంతి జారింది, డెరెక్ బార్నెట్ దాన్ని ఒడిసిపట్టాడు. ఈ బార్నెట్ ఎలా వచ్చాడో తెలుసా? ఫోల్స్‌ని ఇచ్చి తెచ్చుకున్న బ్రాడ్‌ఫర్డ్ గుర్తున్నాడు కదా, 2016లో అతన్ని వైకింగ్స్‌కి ఇచ్చేసి, బదులుగా వచ్చిన డ్రాఫ్ట్ పిక్‌తో తీసుకున్నది ఇతన్నే! ఆ తర్వాత, మొదట్లో చెప్పుకున్న కిక్కర్ కుర్రాడు ఎలియట్ 46 గజాల నుంచి తన్నాడు. 41-33. ఫోల్స్ 373 గజాలు, 3 టచ్‌డౌన్ పాసులతో మ్యాచ్‌కే బెస్ట్ ప్లేయర్. ఫిలడెల్ఫియాకి మొట్టమొదటి సూపర్ బౌల్.

ఇక్కడితో ఆపేస్తే ఇది సినిమా కథ అయిపోతుంది. తర్వాతేం జరిగిందో కూడా చెప్పాలి. 2019లో ఫోల్స్ పెద్ద కాంట్రాక్ట్‌తో జాక్సన్‌విల్ వెళ్లాడు, మొదటి మ్యాచ్‌లోనే కాలర్‌బోన్ విరిగింది, అక్కడ మెయిన్ ప్లేస్ నిలవలేదు. వెంట్జ్‌కి ఛాంపియన్‌షిప్ రింగ్ వచ్చింది గానీ, 2017 నాటి ఆట మళ్లీ రాలేదు. 2021లో అతను ఫిలడెల్ఫియా వదిలి వెళ్లాడు. పీడర్సన్ ఉద్యోగం కూడా అదే ఏడాది పోయింది. 2024లో ఫోల్స్ ఈగల్స్ ఆటగాడిగానే రిటైర్మెంట్ ప్రకటించాడు.

అంటే ఫోల్స్ ఎక్కడికెళ్లినా గెలిపించే మాంత్రికుడు కాదు. వెంట్జ్ ముందు కష్టపడి తెచ్చిన గెలుపులు లేకపోతే, ప్లేఆఫ్ మ్యాచులు సొంత గ్రౌండ్‌లో జరిగేవే కాదు. రైక్, పీడర్సన్ అతనికి తగ్గట్టు ఆటని మార్చకపోతే డిసెంబర్ 31 నాటి ఫోల్సే ఫైనల్‌కీ వచ్చేవాడు. అతను చేసిన పని ఒకటే: పిలుపు వస్తుందో రాదో తెలీని రోజుల్లో కూడా రెడీగా ఉండటం. మిగతాది టీమ్ చేసింది.

మీలో చాలామంది ఇప్పుడు ఏదో ఒక బెంచీ మీద ఉండే ఉంటారు. వెయిటింగ్ లిస్ట్‌లో ఒకరు, కాలేజీ టీమ్‌లో పన్నెండోవాడిగా ఒకరు. మీ వంతు కచ్చితంగా వస్తుందని నేను చెప్పలేను, అది అబద్ధం అవుతుంది. ఫోల్స్‌కి కూడా ఎవరూ చెప్పలేదు. అయినా వచ్చిన రోజున అతని దగ్గర హెల్మెట్ ఉంది, ప్లే పేరు కూడా ఉంది.

ఈ కథలో మీకు ఎవరు నచ్చారు, ఫోల్సా, వెంట్జా, పీడర్సనా? కామెంట్లలో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. అప్పటిదాకా ఉంటాను మరి.