గడ్డితో గట్టి గోడలు

"గడ్డితో యిల్లా? ఒక్క అగ్గిపుల్ల చాలదూ!" అని మీరు నవ్వవచ్చు. గడ్డి అనగానే మనకు పూరిపాకలూ, వేసవిలో వాడకు వాడ తగలబడిపోవటమూ గుర్తుకొస్తాయి. ఆ భయం సహజమే. కాని నేను చెప్పబోయేది గడ్డి కప్పుల సంగతి కాదు, గడ్డి గోడల సంగతి.

అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో శాండ్‌హిల్స్ అనే ప్రాంతం వుంది. అంతా యిసుక దిబ్బలూ, పచ్చిక బయళ్ళూను. 19వ శతాబ్దం చివర అక్కడికి కాపురాలకు వచ్చినవాళ్ళకు కలప దొరకలేదు. మట్టిపెళ్ళలతో గోడలు పెడదామంటే ఆ యిసుక నేల పెళ్ళ నిలవదు. చూస్తే చలికాలం ముంచుకొస్తుంది. పిల్లల్ని పెట్టుకుని ఏం చేస్తారు? గడ్డిని అదిమి బేళ్లు కట్టే యంత్రాలు అప్పటికే వచ్చాయి. పత్తి బేళ్లు చూశారుగా, ఆ మాదిరివే. వాటినే పెద్ద ఇటుకలనుకుని పేర్చి యిళ్ళు కట్టుకున్నారు. అక్కడి ఆర్థర్ అనే వూళ్ళో 1928లో అలా కట్టిన చర్చి యిప్పటికీ నిలిచి వుంది. ఫ్రాన్సులో మాంటార్జీ పట్నంలో 1920లో కట్టిన గడ్డిగోడల యింటికి నూరేళ్ళు దాటాయి.

కట్టే పద్ధతి చూడండి. ముందు నేలకు ఎత్తుగా రాతి పునాది వేస్తారు. దానిమీద బేళ్లను, అతుకుమీద అతుకు పడకుండా, ఇటుకల్లాగే పేరుస్తారు. పొడవాటి కర్రలు వాటిలోకి దిగగొట్టి, పైన కప్పు వేస్తారు. ఆ తర్వాత లోపలా బయటా మట్టిగాని సున్నంగాని మందంగా మెత్తుతారు. గోడ సుమారు అడుగున్నర మందం వుంటుంది. గడ్డిలో చిక్కుకున్న గాలి ఎండనూ చలినీ తొందరగా లోపలికి రానివ్వదు. ఐసుగడ్డను రంపపు పొట్టులో దాచటంలోని కిటుకే యిది.

మరి నిప్పో? విడిగడ్డి భగ్గుమంటుంది. అదిమికట్టిన దాంట్లో గాలి ఆడదు. లావాటి పుస్తకం మూసి పొయ్యిలో పెడితే అంచులు నల్లబడతాయేగాని గబుక్కున కాలదు చూడండి. అమెరికాలో పరీక్షించినప్పుడు మట్టిపూత గోడ గంటసేపు, సిమెంటూ సున్నమూ కలిపి పూసిన గోడ 2 గంటలు నిప్పును ఆపాయి. భయమల్లా పూత పూయకముందు, చుట్టూ గడ్డిపోచలు చెల్లాచెదరుగా పడి వున్నప్పుడే.

అసలు శత్రువు నీరు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా? గోడలోకి చెమ్మ చేరి నిలిచిపోయిందంటే గడ్డి కుళ్ళుతుంది. అందుకే పునాది ఎత్తుగా, చూరు బయటికి బాగా సాగి వుండాలి. నీళ్ళ గొట్టాలు గోడలోనుంచి పోకూడదు. ఒట్టి సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోదు. మట్టి, సున్నం అయితే పోనిస్తాయి.

2005లో పాకిస్తాన్ భూకంపంలో రాతిగోడలు మీద కూలి వేలమంది చనిపోయారు. ఆ తర్వాత అక్కడ తేలికైన గడ్డిబేళ్ల యిళ్ళు కొన్ని లేచాయి. 2009లో అమెరికాలోని రెనోలో అటువంటి యింటినొకదాన్ని కుదుపు బల్లమీద కట్టి వూపితే కూలకుండా నిలిచింది.

మన గడ్డిమీద మొదటి హక్కు పశువులది. కాని కోత యంత్రాలు వచ్చాక చాలాచోట్ల పొలంలోనే దాన్ని తగలేస్తున్నారు. మేతకు పోను మిగిలింది పొగ కావటంకంటే గోడ కావటం మేలు కదా! అయితే మనవి వానలూ, తుపానులూ, చెదలూ వున్న వూళ్ళు. ఎవరైనా గడ్డియిల్లు కడదామంటే వద్దనకండి. పునాది ఎంత ఎత్తు, చూరు ఎంత బయటికి, పూత దేనితో, చెదలకు ఏం చేస్తారు అని మాత్రం నిలబెట్టి అడగండి.