కంబం లోయలో రొమ్ము క్యాన్సర్: చికిత్సకు ముందటి వారాలు

రొమ్ములో గడ్డ క్యాన్సరేనని బయాప్సీలో తేలిన రోజుకూ, మొదటి చికిత్సకూ మధ్య కొన్ని వారాలు గడుస్తాయి. తమిళనాడులో కంబం లోయలోని తెలుగు కుటుంబాలకు ఆ వారాలు మరీ కష్టం. ఇంట్లో మాట తెలుగు, బడిలో నేర్చింది తమిళం, చేతికొచ్చిన రిపోర్టు ఇంగ్లీషు. క్యాన్సర్‌కు పెద్దాస్పత్రి చూస్తే వంద కిలోమీటర్లు దాటి మదురైలో. భయపడి మర్నాడే ఆపరేషన్‌కు పరుగెత్తేవారున్నారు, అదే భయంతో నెలల తరబడి నాటుమందుల చుట్టూ తిరిగేవారూ ఉన్నారు. పరీక్షలు సరిగ్గా పూర్తి చేయడానికి పట్టే రెండు మూడు వారాల వల్ల చాలామందికి హాని జరగదు. నెలల ఆలస్యమే ప్రమాదం.

మొదటి రోజుల్లో నిద్ర పట్టకపోవడం, ఎవరేం చెప్పినా తలకెక్కకపోవడం సహజం. అందుకే డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు వెంట ఒకరుండి, చెప్పినదంతా రాసుకోవాలి. ఈ జబ్బు ఏ పాపానికీ ఫలితం కాదు, ముట్టుకుంటే అంటుకోదు. భర్తకో కొడుక్కో మాత్రమే చెప్పి జబ్బున్న స్త్రీ దగ్గర దాచడం మన ఇళ్లలో ప్రేమగానే జరుగుతుంది. కానీ ఒళ్లు ఆమెది, నిర్ణయమూ ఆమెదే. దాచితే ఆమె ఒంటరిగా భయపడుతుంది, అంతే.

సూది గుచ్చితే గడ్డ పాకుతుందన్న భయానికి ఆధారం లేదు. బయాప్సీ లేకుండా చికిత్స ఏదో తేలదు. రిపోర్టులో ముఖ్యంగా చూడాల్సినవి ఈఆర్, పీఆర్ అనే హార్మోన్ గ్రాహకాలు, హెర్2 అనే ప్రొటీన్. మొదటి రెండింటిలో ఏదైనా పాజిటివ్ అయితే హార్మోన్‌ను అడ్డుకునే టామాక్సిఫెన్ వంటి మాత్రలు ఏళ్లపాటు వాడితే పనిచేస్తాయి. హెర్2 పాజిటివ్ అయితే ట్రాస్టుజుమాబ్ అవసరం కావచ్చు. దీనికి దేశీయ రకాలు 2014 నుంచి దొరకడంతో ధర కొంత దిగింది. మూడూ నెగెటివ్ అయితే కీమోకు ప్రాధాన్యం పెరుగుతుంది. గడ్డ పెద్దదైనా, చంకలోని గ్రంథులకు పాకినా ముందు కీమో ఇచ్చి, ఆ తర్వాత ఆపరేషన్ చేయడం మామూలే. దాన్ని ఆలస్యమనుకోకూడదు. మరో ఆస్పత్రిలో అభిప్రాయం అడగాలంటే కాగితాలతో పాటు బయాప్సీ స్లైడ్లు, గడ్డ ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకు కూడా తీసుకెళ్లాలి.

మదురైలో ప్రభుత్వ రాజాజీ ఆస్పత్రి, కోయంబత్తూరులో 1952లో మొదలైన జి. కుప్పుస్వామి నాయుడు స్మారక ఆస్పత్రి అందుబాటులో ఉన్నాయి. చెన్నైలో అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ కూడా ఉంది. చెల్లెలిని క్యాన్సర్‌కు పోగొట్టుకున్న డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి పట్టుదల వల్ల అది 1954లో పన్నెండు మంచాలతో మొదలైంది. తమిళనాడు ముఖ్యమంత్రి బీమా పథకం అర్హత ఉన్న కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల దాకా భరిస్తుంది. రేషన్ కార్డు, ఆధార్, ఆదాయ ధ్రువపత్రం ముందే సిద్ధం చేసుకుంటే ఆస్పత్రిలో తిప్పలు తగ్గుతాయి.

కీమోకు ముందు చక్కెర, బీపీ అదుపులోకి రావాలి. పుచ్చుపళ్లుంటే చూపించుకోవాలి. కొన్ని మందులు గుండెను బలహీనపరచవచ్చు కాబట్టి ఎకో అనే గుండె స్కాన్ తీస్తారు. వాడుతున్న ఆకుపసరు, లేహ్యం, మాత్రలన్నీ డాక్టర్‌కు చెప్పాలి. ఇంకా పిల్లలు కావాలనుకునే స్త్రీ ఆ మాట మొదటి కీమోకు ముందే ఎత్తాలి, తర్వాత దారులు తగ్గిపోతాయి. చాలా రకాల కీమోలో రెండు మూడు వారాలకు జుట్టు రాలడం మొదలవుతుంది. చికిత్స అయ్యాక మళ్లీ వస్తుంది. కీమో రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే అర్ధరాత్రయినా ఆస్పత్రికి చేరాలి. ఏ ఆస్పత్రికో, ఏ బండిలోనో కంబంలో ఉన్నవారు ముందే తేల్చుకోవాలి.

జనం కరెంటు పెట్టడమనే రేడియేషన్ వారానికి ఐదు రోజుల చొప్పున మూడు వారాలో, అంతకు మించో సాగుతుంది. రోజూ రానుపోను ప్రయాణం మనిషిని పిండేస్తుంది కనుక మదురైలో చుట్టాలింట్లోనో, అద్దె గదిలోనో బస చూసుకోవడం మేలు. ఇక లోయలోని పన్నీర్ ద్రాక్ష తోటల్లో కోత ఏడాది పొడుగునా ఉంటుంది, పని దానంతట అది ఆగదు. చంకలోని గ్రంథులు తీసేస్తే ఆ వైపు చేయి వాచే అవకాశం ఉంది. చేతికి డాక్టర్ చెప్పిన వ్యాయామం చేస్తూ, బరువులు మెల్లగా మొదలుపెట్టాలి. అందాకా గంపలెత్తే పని ఎవరు చేస్తారో తోట యజమానితో, ఇంట్లోవాళ్లతో ఆపరేషన్‌కు ముందే మాట్లాడుకోవాలి.