తెరచాపకు తగిన కొయ్య

బిందెలు వరసపెట్టి ట్యాంకరు కోసం ఎదురుచూసే అనంతపురం జిల్లాలో కూచుని పడవ గురించి రాస్తున్నానని నవ్వుకోకండి. హైదరాబాదులో ఉన్న మా చెల్లెలి కొడుకు తన పదేళ్ళ పాప కోసం ప్లైవుడ్‌తో చిన్న పడవ చేస్తున్నాడు. "పెద్దమ్మా, తెరచాప నువ్వే కుట్టాల" అని గుడ్డ పంపించాడు. దేనికి కట్టాలో, ఎట్లా కట్టాలో తెలియకుండా మిషను ముందు కూచోలేం గదా!

ఇంట్లో చేసుకునే ఇలాంటి పడవల్లో పేరున్నది ఆప్టిమిస్ట్. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన పిల్లల కోసం తయారుచేశాడు. పొడవు ఎనిమిది అడుగులకు కాస్త తక్కువ. హుస్సేన్‌సాగర్‌లో పిల్లలు నేర్చుకునేది ఈ రకం పడవల మీదే.

ముందు కొయ్య సంగతి. నెత్తిన బిందె మీద బిందె పెట్టుకుని నడిచిన వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు, పైన బరువుంటే తూలుతాం. అందుకే నీళ్ళ కుళాయికి వేసే ఇనుప పైపు ఎంత గట్టిదైనా పనికిరాదు. వెదురు చవక, తేలిక. కానీ దానికి మేకు కొట్టినా, రంధ్రం వేసినా నిలువునా చీలుతుంది, ఏది బిగించాలన్నా తాడుతోనే కట్టాలి. చెక్కయితే ముళ్ళు లేకుండా, గీతలు నిలువుగా సాగినది చూసి వార్నిష్ వెయ్యాలి. అల్యూమినియం గొట్టం తేలిక, పుచ్చదు. రెండు కొసలూ నీరు దూరకుండా మూసేస్తే పడవ ఒరిగినా కొయ్య తేలుతుంది. ఎక్కడైనా సొట్టపడితే మాత్రం అక్కడే మడతపడుతుంది. ఇంకొక్క మాట, చెరువు దగ్గరికి మోసుకెళ్ళేటప్పుడు పైన కరెంటు తీగలు చూసుకోండి. ఏ కొయ్యయినా సరే, తీగలకు ఆమడదూరం!

తెరచాప అంచును దిండు గలీబులా కుట్టి కొయ్యకు తొడిగెయ్యడం కుట్టేవాళ్ళకు సుఖం. కానీ నీళ్ళ మీద గాలి హెచ్చితే కొయ్య మీంచి లాగెయ్యడం కుదరదు. ఒకే తాడు మల్లెతీగలా చుట్టుకుంటూ పోయినా దించేటప్పుడు బిగుసుకుపోతుంది. తాడును కొయ్య ముందు నుంచే ఎడమకూ, కుడికీ మార్చి మార్చి కన్నాల్లో దూరిస్తే సులువుగా జారుతుంది.

ఆప్టిమిస్ట్ పద్ధతి వేరు. అంచు పొడుగునా ఐలెట్లు వేసి, ఒక్కోదానికి విడిగా చిన్న తాడు కడతారు. పోటీ పడవల్లో కొయ్యకూ గుడ్డకూ మధ్య సందు 10 మిల్లీమీటర్లు దాటకూడదు. ఒక తాడు తెగినా మిగతావి పట్టుకుంటాయి. దూరంగా ఉండే పై మూలను ఒక వాలుకర్ర నిలబెడుతుంది. గాలి ముదిరితే ఆ కర్రను జారిస్తే చాలు, తెరచాప సగం వాలిపోతుంది. పిల్లలకు ఇదే మేలని నా ఓటు దీనికే వేశాను.

మూలల్లో లాగుడు ఎక్కువ. అక్కడ మూడు నాలుగు పొరలు వేసి, నూలు దారం కాకుండా పాలిస్టరు దారంతో జిగ్‌జాగ్ కుట్టు వెయ్యాలి. కొయ్య అడుగును గుంటలోంచి ఊడకుండా తాడుతో కట్టడం మరవద్దు. పడవ బోల్తాపడినప్పుడు అది ఊడితే, పైన కొయ్యను పట్టి ఉంచే పలకను చీల్చేస్తుంది. పాప లైఫ్ జాకెట్ మాత్రం కొనమన్నాను, అది ఇంట్లో కుట్టేది కాదు.