సీసా మీది ధర, నాలుక మీది రుచి

తెలుగునాట ‘వైన్స్’ అని బోర్డు కట్టిన దుకాణంలో వైన్ తప్ప తక్కినవన్నీ దొరుకుతాయని ఒక పరిహాసం. బ్రాందీ, విస్కీ, బీరుల నడుమ ఏ మూలనో దుమ్ము పట్టిన ఎర్ర వైన్ సీసాలు నాలుగు కనిపిస్తే అదే గొప్ప. ఎందరో తెలుగువారు స్థిరపడిన భిలాయి ఉక్కునగరంలో సామాన్య ఉద్యోగి ఒకడు, ఖరీదు తక్కువైన ఎర్ర వైన్‌ను మంచి చెడ్డలెరిగి ఎన్నుకోవలెనంటే ఎట్లా?

అతనికి మొదట ఎదురయ్యే శత్రువు ధర కాదు, ఎండ. ఎర్ర వైన్‌ను ‘గది వేడిమి’లో సేవించవలెనని ఐరోపావారు చెబుతారు. ఆ గది చలిదేశపు రాతిగోడల గది. దాని వేడిమి 16 నుండి 18 డిగ్రీలు. ఛత్తీస్‌గఢ్ మైదానంలో మే నెల పగటి వేడిమి 40 డిగ్రీలు దాటడం మామూలే. అంత వెచ్చని వైన్‌లో సారపు ఘాటు ముందుగా ముక్కుకు తగులుతుంది, పండు పరిమళం దాని చాటున అణగిపోతుంది. కనుక సీసాను అరగంటసేపో, ఎండలు ముదిరితే ఇంకొంచెం సేపో ఫ్రిజ్‌లో ఉంచి తీయడం అపచారం కాదు, అవసరం. వేసవి అంతా వేడి గదిలో నిలిచిన సీసాను అసలు కొనకపోవడమే మేలు. అందులోని వైన్ ఉడికించిన పండ్లవాసన వేస్తుంది. మూత కొంచెం పైకి ఉబికి వచ్చినా, అంచున వైన్ కారిన మరక ఉన్నా అనుమానించవలసినదే.

ఇక రుచి చూచే పద్ధతి. గ్లాసులో మూడవ వంతు మాత్రమే పోసి, తెల్లకాగితం మీదుగా వంచి చూడాలి. ఊదా ఛాయ ఉన్నది లేత వైన్. ఇటుకరంగుకు తిరిగినది వయసు మళ్ళినది. చౌక వైన్‌లు దాచుకొనుటకు చేసినవి కావు, పిన్నవయసులోనే బాగుంటాయి. పిదప గ్లాసును గుండ్రంగా తిప్పి వాసన చూడాలి. తడిసిన అట్టపెట్టె వాసన బెండుమూత చెడిందనడానికి గుర్తు. పులిసిన సిర్కా వాసన వస్తే గాలి సోకినదని అర్థం. ఈ రెండూ లేకుంటే సగం పరీక్ష గడిచినట్లే.

నోటిలో పుచ్చుకొన్న గుక్కను వెంటనే మింగరాదు. చిగుళ్ళను పట్టి ఆరబెట్టే వగరు ద్రాక్షతొక్కల నుండి, గింజల నుండి వచ్చినది. నేరేడుపండు తిన్నవారికి, చిక్కటి తేనీరు పాలు లేకుండా త్రాగినవారికి ఆ వగరు కొత్త కాదు. నోట నీరూరించేది పులుపు. పండు రుచి, పులుపు, వగరు, సారం, ఈ నాలుగింటిలో ఏదీ తక్కినవాటి మీద పెత్తనం చేయకుంటే అది మంచి వైన్. దాని ధర ఎంతైనా కానీయండి. మన దేశంలో ‘పోర్ట్’ పేరుతో అమ్మే తియ్యని ఎర్ర వైన్ సంగతి వేరు. దానితో ఆరంభించిన వారికి తీపిలేని వైన్ చేదుమందువలె తోస్తుంది. అది వైన్ దోషం కాదు.

ధర రుచిని నిర్ణయిస్తుందా? 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పర్రియర్ అనే ఆంగ్లేయ వైన్ వర్తకుడు పేర్లు కప్పిపెట్టి పరీక్ష జరిపించాడు. తీర్పరులు ఫ్రెంచి నిపుణులు. ఎర్ర వైన్‌లలో ప్రథమస్థానం బోర్డో ప్రాంతపు మహావంశాలకు కాక, అప్పటికి పేరే లేని ఒక కాలిఫోర్నియా వైన్‌కు దక్కినది. 2001లో ఫ్రెడెరిక్ బ్రోషే అనే పరిశోధకుడు తెల్ల వైన్‌లో వాసనలేని ఎర్రరంగు కలిపి బోర్డోలోని 54 మంది వైన్‌శాస్త్ర విద్యార్థులకు ఇచ్చాడు. వారు దానిని ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు! 2008లో అమెరికాలో ప్రకటితమైన ఒక ప్రయోగంలో ఒకే వైన్‌ను పది డాలర్లదని ఒకమారు, తొంభై డాలర్లదని మరొకమారు చెప్పి ఇచ్చారు. తొంభై అన్నప్పుడే ఎక్కువ బాగున్నదన్నారు. మెదడులో సుఖానుభూతికి చెందిన భాగం కూడ అప్పుడే ఎక్కువగా చలించినది. పాపం, వారు అబద్ధమాడలేదు. సీసా మీది అంకె నాలుకతో చేయి కలిపినది, అంతే.

ఈ దృష్టితో చూస్తే భిలాయి చుట్టుపట్ల అడవులలోని పానీయాన్ని తలచుకోకుండా ఉండలేము. మన ఇప్పపువ్వే అక్కడి మహువా. వసంతంలో తెల్లవారుజామున రాలిన పూలను ఏరి, ఎండబెట్టి, నీట పులియబెట్టి, కుండలలో కాచి సారా దించుతారు. వైన్ పులిసినంతటితో ఆగుతుంది. ఇది బట్టీ దాకా వెళుతుంది, కనుక రెండింటినీ ఒకే త్రాసులో తూచరాదు. అయినా దీనికీ పరీక్షకులున్నారు. బట్టీ పైకుండలోని చన్నీటిని ఎన్నిసార్లు మార్చారో లెక్కపెట్టి సారం బలాన్ని అంచనా కడతారు. నాలుగు చుక్కలు నిప్పుపై వేసి మంట చూస్తారు. బాగా కాచినదానిలో పువ్వు తీపి పరిమళం, కొద్దిగా పొగ వాసన ఉంటాయి. మాగిన పూలతో చేసినది ముక్కుకే తెలిసిపోతుంది. ఈ ఘ్రాణవిద్యను ‘నాటుసారా’ అనే ఒక్క పేరు కప్పివేసినది. 1892లో బొంబాయి ప్రభుత్వం ఇప్పపువ్వు సేకరణను, నిల్వను అదుపు చేయడానికి ప్రత్యేక శాసనమే చేసినది. 2021లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం అదే సారాను ‘వారసత్వ మద్యం’గా విక్రయింప నిశ్చయించినది. పానీయం మారలేదు, చీటీ మారినది.

అయితే మంట పరీక్షను నమ్మి ప్రాణం మీదికి తెచ్చుకోరాదు. మంట సారం ఉన్నదని చెబుతుంది, విషం లేదని చెప్పదు. కల్తీసారాలో కలిపే మిథైల్ ఆల్కహాలు కూడ నీలిమంటతోనే మండుతుంది. వాసనలోను, రుచిలోను దానిని వేరు చేయడం ఆరితేరిన నాలుకకైనా సాధ్యం కాదు. త్రాగిన కొన్ని గంటలకు చూపు మసకబారితే తెల్లవారేదాకా ఆగక ఆసుపత్రికి చేర్చవలెను. ఆలస్యం చేస్తే చూపో, ప్రాణమో పోతుంది. ఎర్ర వైన్ పరీక్షలో పొరబడితే కొన్ని వందల రూపాయలే నష్టం.

రుచికి అందని మరొక లెక్క భిలాయికి ఇనుపరాయి పంపే దల్లీ రాజ్‌హరా గనులలో తేలినది. శంకర్ గుహా నియోగీ నాయకత్వాన 1977లో ఏర్పడిన గని కార్మికుల సంఘం కూలి పెంచుకొన్నది. పెరిగిన కూలి సారా దుకాణం దారి పట్టడం చూసి మద్యవ్యతిరేకోద్యమం నడిపినది. 1983లో ఆ కార్మికులే సొంత చందాలతో, శ్రమతో షహీద్ ఆసుపత్రిని నిర్మించుకొన్నారు. నియోగీ 1991 సెప్టెంబరు 28న భిలాయిలో హత్యకు గురైనాడు. సారా మంచిదా, చెడ్డదా అన్న చర్చలోకి ఆ కార్మికులు దిగలేదు. నెల జీతంలో ఎంత భాగం ఇల్లు చేరుతున్నదన్నదే వారు అడిగిన ప్రశ్న.