ఆడువారి కుస్తీ: ప్రదర్శనము నుండి పోటీ వరకు

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతపు పల్లెలలో జాతరలకును పండుగలకును కుస్తీలు పెట్టుట చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. కొబ్బరికాయ పందెముతో చిన్నపిల్లల జతలు మొదలగును. పొద్దు వాలుకొలది పందెము పెరుగుచు పోయి, కడపటి జతకు వెండి కడెము బహుమానముగా నిచ్చుట పలుచోట్ల వాడుక. జుక్కల్, మద్నూరు వైపున మహారాష్ట్ర సరిహద్దు చేరువ యగుటచే ఆవలి పైల్వానులును వచ్చి ఇచ్చట తలపడుదురు. వీపు నేలకంటినవాడు ఓడినట్లు. ఈ న్యాయము పసివానికిని తెలియును, వివరించువారు అక్కరలేదు. అయితే ఈ బరి ఆచారముగా పురుషులది. స్త్రీలు చూపరులు మాత్రమే.

నేడు ఇదే పల్లెల ఇండ్లలోనికి టెలివిజను ద్వారా ఆడువారి కుస్తీ ప్రవేశించినది. అది రెండు రూపములతో వచ్చినది. ఒకటి డబ్బుకై ఆడు ప్రదర్శనపు కుస్తీ. రెండవది పతకమునకై ఆడు పోటీ కుస్తీ. రెంటిని జనము కన్నార్పక చూచుచున్నారు. ఈ ఆకర్షణ యెచ్చట నుండి పుట్టినది? కేవలము వింతయేనా? మన యింటి ఆడపిల్లకు దీనివలన ఒరుగునదేమి? ఈ ప్రశ్నలను కొంచెము విచారింతము.

వింత యన్న మాట కొంతవరకు నిజమే. కాని ఈ వింత మనకు క్రొత్తది కాదు. అర్జునుని యాగాశ్వమును కట్టివేసి, అతనినే యెదిరించి నిలిచిన ప్రమీల కథ తెలుగువారికి సుపరిచితము. పోరుకు నిలిచిన స్త్రీ, ఆ పోరు వెంట పెండ్లి: ఈ రెండును కలిసిన కథను మన ప్రేక్షకులు నాటకముగను, చలనచిత్రముగను ఆదరించిరి. అట్టి కథయే 1954వ సంవత్సరమున నిజముగ జరిగినది. అలీగఢ్‌లో పేరుపొందిన హమీదా బాను తన్ను కుస్తీలో ఓడించినవానిని పెండ్లాడుదునని సవాలు విసరెను. పటియాలా, కలకత్తా పైల్వానులు ఆమె చేత ఓడిరి. ఆ యేడు మే నెలలో బరోడాలో బాబా పైల్వానును ఆమె 1 నిమిషము 34 సెకండ్లలో పడవేసెను. 

జనము విరగబడి చూచిరి, అందరును సంతోషింపలేదు. కొల్లాపురమున ఒక పురుషుని ఓడించినందుకు ఆమెపై రాళ్లు రువ్విరి. ఆమె పోటీ నొకదానిని ఆపివేసినప్పుడు, నాటి బొంబాయి ముఖ్యమంత్రి మొరార్జీ దేశాయి, నిషేధము స్త్రీ యన్న కారణమున కాదనియు, నిర్వాహకులు ఉత్తుత్తి ప్రత్యర్థులను బరిలో దింపుచున్నారను ఫిర్యాదుల వలననే యనియు బదులిచ్చెను. ఇచ్చటనే మన విచారమునకు ముఖ్యమైన సంశయము బయలుదేరుచున్నది. గెలుపు ముందే నిర్ణయమైయున్నచో ఆ కుస్తీ మోసమా, కళయా?

అమెరికాలో మిల్‌డ్రెడ్ బర్క్ వంటి స్త్రీలు 1930ల నుండియు ఈ వృత్తిలో పేరు గడించిరి. అయినను న్యూయార్క్ రాష్ట్రము ఆడువారి వృత్తి కుస్తీపై నిషేధమును 1972 వరకు తొలగింపలేదు. 2023 సెప్టెంబరు 8న డబ్ల్యు.డబ్ల్యు.ఇ. వారి ప్రదర్శనము హైదరాబాదు గచ్చిబౌలిలో జరిగినప్పుడు ఆస్ట్రేలియా వనిత రియా రిప్లీయు, కెనడా వనిత నటాల్యాయు తలపడిరి. ఆ కుస్తీల ఫలితము ముందుగనే నిర్ణయమగునని చూపరులకు తెలియును. తెలిసియు టిక్కెట్టు కొని వచ్చిరి.

ఇందులో ఆశ్చర్యమేమియు లేదు. చిందు భాగవతము చూచువారికి కథ యెట్లు ముగియునో తెలియదా? దుర్యోధనుడు చివరకు పడిపోవునని తెలిసియే రాత్రంతయు కూర్చుందురు. నిజామాబాదు సీమలో చిందుల ఎల్లమ్మ పురుషపాత్రలను సైతము ధరించి మెప్పించెను. ఆమె వేషము చూడవచ్చినవారు ఫలితము కొరకు రాలేదు, పాత్రలో ఆమె చూపు ఠీవి కొరకు వచ్చిరి. ప్రదర్శనపు కుస్తీయు ఆ జాతిదే. అందు ఒక స్త్రీ గర్జించును, కోపించును, పడును, లేచును. నిత్యజీవితమున అణకువ నేర్పబడిన స్త్రీ కోపమును వేలాది జనుల యెదుట అనుమతితో వెల్లడించుటయే ఆ ఆకర్షణలోని గుట్టు. పడుట మాత్రము నటన కాదు. ఎత్తుగా ఎగిరి పడి, గాయము కాకుండ లేచుటకు ఏండ్ల శిక్షణ కావలెను. తెలిసి చూచిన అది కళ. తెలియనీయక పందెము కట్టించిన అది మోసము.

పోటీ కుస్తీ వేరు. అందు ఫలితము ఎవరికిని తెలియదు. ఒలింపిక్ క్రీడలలో ఆడువారికి ఫ్రీస్టైల్ పద్ధతి ఒక్కటియే కలదు. చాపపై 9 మీటర్ల వ్యాసము గల వలయములో, ఒకే బరువు తరగతికి చెందిన ఇరువురు తలపడుదురు. మూడేసి నిమిషముల రెండు భాగములు, నడుమ 30 సెకండ్ల విరామము. ప్రత్యర్థిని క్రింద పడవేసి అదుపులోనికి తెచ్చుకొన్న 2 పాయింట్లు. వలయము వెలుపలికి నెట్టిన 1 పాయింటు. గొప్ప ఎత్తున విసరిన 4 లేక 5. రెండు భుజములు చాపకు అదిమి పట్టిన తక్షణమే గెలుపు. 10 పాయింట్ల తేడా వచ్చినను పోటీ అంతటితో ముగియును. ఈ లెక్క తెలిసిన వారికి రేడియోలో అంకెలు వినబడిన చాలును, పోరు కన్నులకు కట్టును.

ఈ పోటీలోని రుచి యెట్టిదో 2016లో రియో నగరమున దేశమంతయు చవిచూచినది. కంచు పతకమునకై జరిగిన పోరులో హర్యానా యువతి సాక్షీ మలిక్ మొదట 0-5తో వెనుకబడెను. చివరి నిమిషములలో పుంజుకొని 8-5తో గెలిచెను. కుస్తీలో ఒలింపిక్ పతకము పొందిన తొలి భారతీయ వనిత ఆమెయే. ఓడుచున్నవారు ఒక్క పట్టుతో లెక్కను తారుమారు చేయగల ఆట గనుకనే కడపటి క్షణము వరకు చూపరులు కదలరు.

ఈ స్థితికి చేరుట ఒక్కనాటి పని కాదు. ఆడువారి ప్రపంచ పోటీలు మొదట 1987లో నార్వేలో జరిగినవి. ఒలింపిక్స్‌లో 2004లో ఏథెన్సున నాలుగు బరువు తరగతులతో ప్రవేశము లభించినది. 2016 నాటికి అవి ఆరైనవి. జపాను వనిత కావొరి ఇచో 2004 నుండి 2016 వరకు వరుసగా నాలుగు స్వర్ణములు గెలిచెను. మన దేశమున చందగీరామ్, మహావీర్ సింగ్ ఫోగాట్ వంటి పైల్వానులు తమ కుమార్తెలను బరిలోనికి దింపిరి. 2010లో ఢిల్లీ కామన్‌వెల్త్ క్రీడలలో గీతా ఫోగాట్ స్వర్ణము గెలిచెను.

కామారెడ్డి వారు ఇదంతయు హర్యానా మాట యనుకొనరాదు. నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022లోను 2023లోను బాక్సింగ్‌లో ప్రపంచ విజేతగా నిలిచెను. ఇప్పటి కామారెడ్డి జిల్లాలోని తాడ్వాయి గురుకుల పాఠశాలలో చదివిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదునాలుగేండ్లైనను నిండక మునుపే, ఎవరెస్టు శిఖరము నెక్కెను. బలమునకును తెగువకును ఈ గడ్డపై కొరత లేదు. కొరత యేర్పాటులలోనే కలదు.

ఆ యేర్పాటులు ఏవి? మట్టి బరిలో నేర్చిన పట్లు వ్యర్థము కావు. కాని చాపపై కాలము, పాయింట్లు లెక్కించుకొనుచు పోరాడుట వేరుగ నేర్వవలెను. కావున చాప కావలెను. తన బరువుకు సరియైన జత కావలెను. ఒంటరి బాలిక కుస్తీ నేర్వజాలదు. బరువును గూర్చిన తెలివిడి కావలెను. 2024లో పారిస్‌లో ఫైనలుకు చేరిన వినేశ్ ఫోగాట్ కేవలము 100 గ్రాములు అధికముగ తూగిన కారణమున అనర్హురాలయ్యెను. ఎదుగు వయసు బాలికను పస్తుంచి బరువు తగ్గించుట మేలు కాదని, తగిన తరగతిని ఎన్నుకొనుటయే మేలని తల్లిదండ్రులు గ్రహింపవలెను.

అన్నింటికంటె మిన్నగా రక్షణ కావలెను. 2023లో సాక్షీ మలిక్, వినేశ్ ఫోగాట్ మొదలగువారు నాటి కుస్తీ సమాఖ్య అధ్యక్షునిపై లైంగిక వేధింపుల ఆరోపణలు చేసి ఢిల్లీ జంతర్ మంతర్‌లో ధర్నాకు కూర్చుండిరి. పతకములు తెచ్చినవారే వీధిలో కూర్చుండవలసి వచ్చినప్పుడు, పల్లెలోని తల్లి సందేహించుట తప్పు కాదు. ఆ సందేహమునకు మాటలతో సమాధానము చెప్పరాదు. శిక్షకురాలు, తలుపులు తెరచియుంచిన శిక్షణశాల, ఫిర్యాదు వినువారు: ఇవియే సమాధానము.

ఆడపిల్ల కుస్తీ పట్టిన పెండ్లి కాదని కొందరందురు. గడ్డిమోపు తలకెత్తుకొని పొలము నుండి నడచివచ్చు పిల్ల బలమును చూచి జంకనివారు, అదే బలము బరిలో కనబడినప్పుడు జంకుట న్యాయము కాదు.

జాతర కుస్తీలు నడుపు పెద్దలకు మేము విన్నవించునది ఒక్కటియే. కొబ్బరికాయ పందెమప్పుడు బాలురతో పాటు బాలికలకును బరువు తూచి, జత కుదిర్చి, నాలుగు జతలకైనను చోటిండు. బహుమానము సమానముగ నిండు. చూడవచ్చినవారు మొదట వింతగా చూతురు; రెండవ యేట ఎవరి పట్టు గట్టిదని వాదులాడుకొందురు. ఆ వాదము మొదలైననాడు ఆ ఆట ఊరిలో నిలిచినట్లే.