వేగము, కాలము, నిష్పత్తి

దూరము, వేగము, కాలము అను మాటలు వినినంతనే పలువురు విద్యార్థులకు భయము కలుగును. దూరమును కాలముచే భాగించిన వేగము వచ్చునను సూత్రము వారికి కంఠస్థమే. కాని లెక్కలో దూరమును చెప్పక, వేగమును చెప్పక, ‘ఇంత ఆలస్యమైనది’ అని మాత్రమే చెప్పినచో, ఆ సూత్రమును ఎచ్చట ప్రయోగింపవలెనో తోచదు. అట్టి వేళ అక్కరకు వచ్చునది నిష్పత్తి.

ఇది మనకు క్రొత్త విద్య కాదు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయమున త్రైరాశికమునకు సూత్రము కలదు. ఒకటి పెరిగినకొలది రెండవది తగ్గు లెక్కలకు వ్యస్త త్రైరాశికమని పేరు. భాస్కరాచార్యుడు 1150లో లీలావతియందు దానిని వివరించెను. మహావీరాచార్యుని గణితసార సంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను.

మనము గుర్తుంచుకొనవలసిన విషయములు రెండే. కాలము సమానమైనచో, దూరములు వేగముల నిష్పత్తిలోనే ఉండును. దూరము సమానమైనచో, కాలములు వేగముల నిష్పత్తికి తలక్రిందులుగా ఉండును. కావున లెక్క చేతికి రాగానే మొదట వేయవలసిన ప్రశ్న ఇది: ఇందులో మారనిది ఏది?

ఒక బాలుడు నిత్యము నడచు వేగములో మూడు పాతిక వంతు వేగముతో నడచి, బడికి 20 నిమిషములు ఆలస్యముగా చేరెననుకొనుడు. నిత్యము అతనికి పట్టు కాలమెంత? ఇచ్చట మారనిది దారి. నేటి వేగమునకును నిత్యపు వేగమునకును గల నిష్పత్తి 3:4. కావున కాలముల నిష్పత్తి 4:3. నాలుగు భాగములకును మూడు భాగములకును భేదము ఒక భాగము; అదియే 20 నిమిషములు. నిత్యపు కాలము మూడు భాగములు, అనగా 60 నిమిషములు. దారి ఎంత పొడవో తెలియకయే లెక్క తేలినది.

18 కిలోమీటర్ల దూరముననున్న రెండు గ్రామములనుండి ఇరువురు ఒకే సమయమున బయలుదేరి ఎదురెదురుగా నడచుచున్నారు. ఒకరి వేగము గంటకు 4 కిలోమీటర్లు, రెండవవారిది 5. ఇచ్చట సమానమైనది కాలము. 18ని 4:5గా పంచిన 8, 10 వచ్చును. మొదటివారు 8 కిలోమీటర్లు నడచినచోట, రెండు గంటలకు ఇరువురును కలిసికొందురు.

ఇక పెద్దలును పొరబడు లెక్క యొకటి. పోవునప్పుడు గంటకు 40, వచ్చునప్పుడు 60 కిలోమీటర్ల వేగమైనచో సగటు 50 అని పలువురు చెప్పుదురు. అది సరికాదు. కాలములు 3:2 నిష్పత్తిలో నుండుటచే, తక్కువ వేగముతో గడచిన కాలమే ఎక్కువ. 120 కిలోమీటర్ల దారియైనచో పోవుటకు 3 గంటలు, వచ్చుటకు 2 గంటలు. మొత్తము 240 కిలోమీటర్లకు 5 గంటలు. సగటు 48 మాత్రమే.

ఈ లెక్కలు పరీక్షకొరకే కావు. 20 కిలోమీటర్ల దారిలో మోటారు వేగమును 60 నుండి 80కి పెంచినచో, కాలము 4:3గా తగ్గి, 20 నిమిషములకు బదులు 15 పట్టును. లాభము 5 నిమిషములు. కాని బ్రేకు వేసిన పిదప బండి సాగు దూరము వేగముయొక్క వర్గమును బట్టి పెరుగును. అది 3:4 కాదు, 9:16. అదే రోడ్డుపై అదే బ్రేకుతో 27 మీటర్లలో ఆగు బండికి ఇప్పుడు 48 మీటర్లు కావలెను. డ్రైవరు అపాయమును చూచి బ్రేకు త్రొక్కులోపల సాగు దూరము దీనికి అదనము. ఆ మిగిలిన 21 మీటర్లలో దారి దాటుచున్న పిల్లవాడుండవచ్చును.

మీ యింట లెక్కలు చేసికొను పిల్లలున్నచో సూత్రము అప్పగింపుమని అడుగుటకు ముందు, మారనిది ఏదియో చెప్పుమని అడుగుడు. వారు దానిని గుర్తించినచో మిగిలినది భాగములు పంచుటయే. పిమ్మట ఆ బ్రేకు లెక్కను గూడ వారిచేతనే చేయింపుడు.