తేమ సెన్సర్ కాగితం నమ్మి అల్లం కుళ్లబెట్టుకున్నా.. మీరు ఆ తప్పు చేయకండి

ఈసారి వీడియో జీవామృతం గురించో, కషాయాల గురించో కాదు. సెన్సర్ డబ్బాలో వచ్చిన ఒక చిన్న కాగితం గురించి. దాన్ని నమ్మి నా అల్లంలో మూడు బెడ్లు పోగొట్టుకున్నా.

మాది జహీరాబాద్ దగ్గర ఎర్ర నేల. 20 గుంటల్లో బెడ్ల మీద అల్లం పెట్టినం. డ్రిప్పు ఉంది, పైన చెరకు ఆకు ఆచ్ఛాదన. అల్లానికి నీళ్లు తక్కువైతే దుంప ఊరదు, ఎక్కువైతే దుంపకుళ్లు వస్తుంది. మనకు కావాల్సింది వాఫస. అంటే వేళ్ల దగ్గర నీరు నిలవకుండా గాలి, తేమ రెండూ ఉండాలి. కానీ ఆచ్ఛాదన కింద తడి ఎంతుందో పైకి కనపడదు. అందుకే మట్టిలో గుచ్చే తేమ సెన్సర్, అంకె చూపించే డబ్బా తెప్పించుకున్నా.

దాంతోపాటు అరచేయంత కాగితం వచ్చింది. ఒకవైపు చైనా భాష, ఇంకోవైపు ఇంగ్లీషు. అందులో అర్థమైనవి మూడే ముక్కలు. 3.3 నుంచి 5.5 వోల్టుల సప్లై ఇవ్వాలి. ఇది తేమ కొలుస్తుంది. అంకె 0 నుంచి 1023 వరకు ఉంటుంది. ఏ అంకె తడి, ఏ అంకె పొడి అనేది ఎక్కడా లేదు. ఎంత లోతు గుచ్చాలో, ఏ భాగం తడవకూడదో కూడా లేదు.

తేమ కొలిచేదంటున్నారు కదా, పెద్ద అంకె వస్తే ఎక్కువ తడి అనుకున్నా. ఆగస్టులో వానలు వెనకబడ్డప్పుడు చూస్తే 330 చూపించింది. 1023లో 330 అంటే మూడో వంతు కూడా లేదు, నేల ఎండుతోందని డ్రిప్పు వదిలినా. మర్నాడు 310. ఎండ గట్టిగుందని ఇంకో గంట ఎక్కువ వదిలినా. తర్వాత 295. నీళ్లు ఇస్తున్నకొద్దీ అంకె పడిపోతుంటే అప్పుడే అనుమానం రావాలి. నాకు రాలేదు.

అమ్మ చేనుకొచ్చి ఆకు పక్కకు జరిపి మట్టి పిసికి చూసింది. "ఏంది కొడుకా, మట్టి ముద్దయితుంటే ఇంకా నీళ్లిడుస్తున్నవ్? గా డబ్బా ఏం జెప్తదో గానీ ముందుగాల నీళ్లు బంద్ జెయ్" అన్నది. అప్పటికే కొన్ని మొక్కల ఆకులు పసుపెక్కినయ్. లాగితే కాడ చేతికొచ్చింది, కింద వాసన. కుళ్లిన మొక్కలు పీకేసి దూరం పారేసినం, బెడ్ల మధ్య కాలువలు లోతు చేసినం. మిగతాది నిలబడ్డది.

తర్వాత ఇంట్లో ఆ సెన్సర్‌ను ఒక గ్లాసు నీళ్లలో ముంచి చూసినా. గాలిలో 600 చూపించేది నీళ్లలో 280కి పడిపోయింది. అంటే మొత్తం తలకిందులు! ఈ రకం సెన్సర్ తన చుట్టూ ఉన్న పదార్థం విద్యుత్ ఆవేశాన్ని ఎంత పట్టి ఉంచుతుందో చూస్తుంది. ఆ గుణం గాలికి 1 అయితే, నీటికి 80 దాకా ఉంటుంది. పొడి మట్టికి ఐదు లోపే. తడి పెరిగేకొద్దీ సెన్సర్ బయటికి పంపే వోల్టేజీ తగ్గుతుంది, అంకె కూడా తగ్గుతుంది. పైగా నా సెన్సర్ 3 వోల్టులకు మించి పంపదు, డబ్బా లెక్క 5 వోల్టులకు. కాబట్టి 1023 ఎన్నడూ రాదు. ఇదంతా కాగితం మీద ఒక్క లైను రాస్తే సరిపోయేది: "తడి పెరిగితే అంకె తగ్గును."

మీరు కొంటే ముందు ఇలా చేయండి. వీడియోలో చేసి చూపించాను.

1. మీ చేను మట్టినే బాగా ఎండబెట్టి, బకెట్‌లో గట్టిగా నింపి సెన్సర్ గుచ్చండి. వచ్చిన అంకె "ఎండు".
2. అడుగున రంధ్రాలున్న బకెట్‌లో అదే మట్టిని పూర్తిగా తడపండి. నీళ్లు తేలినప్పటి అంకె "బురద".
3. రాత్రంతా నీరు కారనిచ్చి, పొద్దున పిసికి చూడండి. ముద్దయి, వేలితో నొక్కితే విడిపోతే ఆ అంకె "వాఫస".
4. గీత పైన ఉన్న ఎలక్ట్రానిక్ భాగం మట్టిలోకి పోకూడదు, తడవకూడదు. సెన్సర్ పక్కన గాలి సందు ఉన్నా తప్పు అంకె వస్తుంది.

ఎర్ర నేలకు వచ్చిన అంకె నల్లరేగడికి పనికిరాదు. చేను మారితే మళ్లీ చూసుకోవాల్సిందే.

చదువు రాని రైతుకు ఇవన్నీ ఎట్లా అంటారేమో. మా పక్కన పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలను చూడండి. బడికి పోని వాళ్లు కూడా కెమెరా పట్టి సినిమాలు తీసినారు. 2008 అక్టోబర్ 15 నుంచి మాచ్‌నూర్‌లో సంఘం రేడియో నడిపినారు. కింది నుంచి పైకి తీసే షాట్‌కు వాళ్లు పెట్టుకున్న పేరు "పటేల్ షాట్". కంటికి సమానంగా తీస్తే "సంఘం షాట్", ఎందుకంటే సంఘంలో అందరూ సమానం. తమ మాటలో చెప్పుకున్నారు కాబట్టి మిషన్ వాళ్లకు లొంగింది. లోపం రైతులో లేదు, రైతు మాటలో రాయని కాగితంలో ఉంది.

ఇప్పుడు మా డబ్బా మీద మార్కర్‌తో రాసి పెట్టినా: 560 ఎండు, 420 వాఫస, 300 బురద. అమ్మ కూడా చూసి చెప్తది. అయినా రోజూ ఒకసారి మట్టి పిసికి చూస్తది.

కొనేటప్పుడు దుకాణంలో అడగండి: "తడైతే అంకె పెరుగుతదా, తగ్గుతదా?" చెప్పలేకపోతే, మీరు పరీక్ష చేసేదాకా దాన్ని నమ్మి నీళ్లు పెట్టకండి.